పక్కింటి గోడ

కాలిన ఇల్లు ఆరిపోయాక కూడా చప్పుడు చేస్తూనే ఉంటుంది. లోపలెక్కడో ఒక దూలం సర్దుకుంటుంది, చల్లబడుతున్న రేకు టక్కుమంటుంది, తడిసిన బూడిదలోంచి నీళ్ళు దారి వెతుక్కుంటూ జారుతుంటాయి. అతను పక్కింటి మెట్ల మీద కూర్చుని ఆ చప్పుళ్ళు వింటున్నాడు. వినడమే ఇప్పుడతని డ్యూటీ. అతన్నీ బక్కోడినీ కాపలా ఉంచి ఫైరు బండి స్టేషనుకి వెళ్ళిపోయింది. బక్కోడు వెనకవైపు, సముద్రం వైపు, ఇసకలో ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాడు. ఇతను వీధివైపు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాడు నిజంగానే బక్కగా ఉండేవాడు, ఇప్పుడు వాడి కింద కుర్చీ మూలుగుతోంది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆరిన నిప్పుని నమ్మకూడదు. చెక్క పొరల్లో, పరుపు దూదిలో, గోడకీ గోడకీ మధ్య సందులో అది నిమ్మకు నీరెత్తినట్టు పడుకుని ఉంటుంది, అందరూ వెళ్ళిపోయారని తేల్చుకున్నాక లేస్తుంది. అందుకే ఎవరో ఒకరు కూర్చోవాలి. ఎవరుంటారని ఆఫీసరు అడగ్గానే అతనే నేనుంటానన్నాడు. ఎందుకన్నాడో ఇప్పుడు ఆలోచిస్తే తెలియడం లేదు. కాళ్ళు లేవనన్నాయి కాబట్టి అని ఉంటాడు. భుజాలు, నడుము, మెడ, ఒళ్ళంతా ఎవరో పిండి ఆరేసినట్టుంది. బూట్లలో నీళ్ళున్నాయి. విప్పి వంచేస్తే పోయేదానికి వంగడానికి బద్ధకం. సముద్రం మీద ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు, వీధి సగం ఎరుపు, సగం నీడ. అక్క వస్తుంది. ఆ మాట గంట నుంచీ తలలో తిరుగుతోంది. అక్క వస్తుంది, ఏం చెప్పాలి.

ఇందాక భార్య ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది. "అన్నయ్యగారికి ఆక్సిజన్ పెట్టారు, పొగ పీల్చారంతే, ప్రాణానికేం భయం లేదన్నారు. వదిన ఇంటికెళ్ళొస్తానని లేచింది. మనింటికా అంటే కాదంది." ఆ తరవాత, "నువ్వక్కడే ఉన్నావని చెప్పాను. చెప్పొచ్చా?" అంది. చెప్పకూడదా మరి. ఎక్కడుంటాను. నిన్నటిదాకా అక్క ఇంటికి వెళ్తే నేరుగా వంటింట్లోకి పోయి గిన్నె మూత తీసి చూసేవాడు, ఇవాళ కాలిపోయిన దాని పక్కనే పరాయి మెట్ల మీద కూర్చుని కాపలా కాస్తున్నాడు, అది కూడా యూనిఫాంలో.

ఈ వీధిలో ఇళ్ళన్నీ ఒకప్పుడు వలలూ తాళ్ళూ దాచుకునే కొట్లు. తరవాత్తరవాత వాటికి తలుపులొచ్చాయి, కిటికీలొచ్చాయి, ఇసక నేల బరువు మొయ్యదని పైన చెక్కతో మేడలొచ్చాయి, చెక్క మీద రేకులొచ్చాయి, ఉప్పుగాలికి రేకులు తుప్పుపట్టి వాటి మీద ప్లాస్టిక్ పట్టాలొచ్చాయి. స్థలం మాత్రం పెరగలేదు. ఇంటికీ ఇంటికీ నడుమ మనిషి పక్కకి తిరిగి ఊపిరి బిగబడితే పట్టేంత సందు, కొన్నిచోట్ల అదీ లేదు. ఒకరింట్లో మిరపకాయ మాడితే నాలుగిళ్ళవాళ్ళు దగ్గుతారు. బావ అంటుంటాడు, ఊళ్ళో ఇళ్ళ గోడలకి చెవులే ఉంటాయిరా, మా వీధిలో గోడలకి నోళ్ళు కూడా ఉంటాయి, రాత్రి నేనేదన్నా అంటే పక్కింటి గోడ పొద్దున్నే మీ అక్కకి జవాబు చెప్తుంది అని. బావ పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. చేతుల్లో గ్రీజు ఎంత తోమినా పోదు, ఆ చేతుల్తోనే అన్నం కలుపుకుంటూ జోకులేస్తాడు, ఎదటివాడు నవ్వేలోగా తనే నవ్వేస్తాడు. ఇవాళ స్ట్రెచర్ మీద పోతున్నప్పుడు ఆ చేతులు మసి పట్టి ఉన్నాయి. గ్రీజో మసో చూడగానే పోల్చుకోవడం కష్టం. పక్కింటి పెద్దావిడ అల్లుడు ఆయన్ని ఈడ్చుకొచ్చి వీధిలో పడేశాడట బండి రాకముందే, ఆ సంగతి ఇతనికి చాలాసేపటిదాకా తెలియదు. లోపల మనుషులెవరూ లేరు అన్న కేక మాత్రం వినపడింది. అది చాలు అప్పటికి. మనుషులు లేని ఇల్లు ఇల్లు కాదు, కట్టెల మోపు. ట్రైనింగులో అలాగే చెప్పారు. ముందు ప్రాణాలు, తరవాత పక్క ఇళ్ళు, అంటుకున్న ఇల్లు ఆఖరున. నోట్లోంచి ఊడిపడేంతగా వల్లెవేయించారు. ఆ వరసలో అక్క ఇల్లు ఎక్కడొస్తుందో ఎవరూ చెప్పలేదు.

స్టేషనులో కాల్ వచ్చినప్పుడు వీధి పేరు విన్నాడు. విన్నవెంటనే ఏమీ అనుకోలేదు, బూట్లలో కాళ్ళు దూరుస్తున్నాడు. ఆ వీధి అంటే స్టేషనులో అందరికీ విసుగు, బండి పట్టదు, సెలవురోజుల్లో బీచికొచ్చే కార్లన్నీ దాని మొదట్లోనే, నీళ్ళు దొరకవు, ఎండిన చెక్క, పైగా గాలి. అక్కడ ఒకటి అంటుకుంటే వీధంతా పోతుందిరా అని ఏళ్ళ తరబడి టీ తాగుతూ చెప్పుకున్నదే. ఇంటి గుర్తు చెప్పినప్పుడు, ఇస్త్రీ ఆవిడ ఇల్లట, నీలం మేడట అన్నప్పుడు, అతను హెల్మెట్ పట్టీ బిగించుకుంటున్నాడు, ఆ పట్టీ ఎప్పటికీ బిగుసుకోలేదు. దారిలో అనుకున్నాడు, ఆ వీధిలో నీలం మేడలు ఇంకా ఉండాలి. ఉన్నాయా? లేవు. ఆ నీలం రంగు వేసింది తనే. సెలవు పెట్టి, నిచ్చెనెక్కి, అక్క కింద నుంచి ఇక్కడ వదిలేశావు, అక్కడ వదిలేశావు అని వేలు చూపిస్తుంటే. పైగది చెక్కలు భుజాన మోసుకొచ్చింది తనూ బావే. అప్పుడే అన్నాడు కూడా, చెక్కెందుకక్కా, ఇది అగ్గిపెట్టెలో అగ్గిపుల్లలా ఉంటుంది అని. ఉద్యోగం వచ్చిందని అప్పుడే ఇన్ని కబుర్లా, ఇటుక కొని పెట్టరా అయితే అంది. అక్క నోటికి ఎదురు లేదు. చిన్నప్పుడు కూడా లేదు. అమ్మ రెండు షిఫ్టులు పనిచేసేది, ఇంటికొచ్చేసరికి తను నిద్రపోయి ఉండేవాడు, కాబట్టి అతనికి జ్ఞాపకమున్న అమ్మ తిట్లన్నీ నిజానికి అక్క తిట్లే. జ్వరం వస్తే తిట్టేది. పరీక్షలో తప్పితే తిట్టేది. ఫైర్ సర్వీసులో సెలక్ట్ అయ్యానని చెప్తే, పోయి పోయి మంటల్లో దూకే ఉద్యోగమేరా దొరికింది, ఇంత పెంచి కాల్చుకోడానికా అని తిట్టి, లోపలికెళ్ళి చాలాసేపు రాలేదు.

ఒక్క గొట్టం. తాము తెచ్చుకున్న ట్యాంకులో నీళ్ళు. రెండో బండి వీధి మొదట్లో కార్ల మధ్య ఇరుక్కుని హారన్ కొడుతోంది, కొడుతూనే ఉంది, ఆ కార్లవాళ్ళు సముద్రంలో స్నానం చేస్తున్నారు. వీధిలో ఫైరు కుళాయి తిప్పితే దగ్గింది, బురద కక్కింది, ఆగింది. ఇప్పుడు చూడు, అదే కుళాయిలో నీళ్ళు బ్రహ్మాండంగా వస్తున్నాయి, కాళ్ళ దగ్గర గొట్టం బిర్రుగా నిండి ఉంది, నాజిల్ తిప్పితే చాలు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం అంటారు, ఇక్కడ బావి తవ్వే ఉంది, అది తన టైముకి వస్తుందంతే. అప్పుడు నాజిల్ అతని చేతిలో ఉంది, వెనక బక్కోడు గొట్టం మోస్తున్నాడు, పైగదిలోంచి మంట రేకుల కింద నాలుక చాపుతోంది. గాలి సముద్రం మీంచి ఏటవాలుగా, అక్క ఇంటి మీంచి పక్కింటి మీదికి. ఆఫీసరు కొత్తగా బదిలీ అయి వచ్చినావిడ, అతనికంటే చాలా చిన్నది, గట్టిగా అరవదు, అయినా వినపడుతుంది. ఇంటివైపు ఒకసారి చూసింది, పక్కింటి వైపు చూసింది, గాలికి మొహం పెట్టింది. "ఆ ఇల్లు పోయింది. పక్కింటి గోడ తడపండి." అంతే. అతను నాజిల్ తిప్పాడు. ఆ చెక్కగోడ మీద రంగు బొబ్బలెక్కుతోంది, ధార తగలగానే ఆవిరి లేచింది, గోడ బుస్సుమంది. ఒకటే ధ్యాస, పైనుంచి కిందికి, చూరు నుంచి పునాదికి, మళ్ళీ చూరుకి. మంచి నిర్ణయం. అతను ఆఫీసరయినా అదే చెప్పేవాడు. పరీక్ష రాస్తే అదే రాసేవాడు. కర్టెను పచ్చగానే ఉంది.

అదీ సంగతి. పొద్దుటి నుంచీ, కాదు మధ్యాహ్నం నుంచీ, పళ్ళ సందున ఇరుక్కున్నదానిలా మళ్ళీ మళ్ళీ నాలుక అటే పోతోంది. పైగది పోయింది నిజమే, వంటిల్లు పోయింది, మెట్లు పోయాయి. ముందుగది కిటికీలోంచి మాత్రం, ధార అటూ ఇటూ ఊగుతున్నప్పుడు పొగ పక్కకి తొలిగితే, కర్టెను కనపడింది. అక్క ఏ లాడ్జీకి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేస్తుందో ఆ లాడ్జీవాళ్ళు పడేసిన దుప్పటితో కుట్టిన కర్టెను. పచ్చరంగు. అంచు కూడా ముడుచుకోలేదు. అంటే ముందుగది ఇంకా వేడెక్కలేదు, తలుపు మూసి ఉండాలి, బీరువా, బావ మంచం, ఇస్త్రీబల్ల, అన్నీ చెక్కుచెదరకుండా ఉండి ఉండాలి. ధార ఒక్కసారి అటు తిప్పి, ఆ లోపలి తలుపు మీద కాసేపు పట్టి ఉంచితే. కాసేపంటే ఎంత. పక్కింటి చూరు అంటుకోడానికి ఎంత పడుతుందో అంత. రెండూ ఒకటేనా, ఏది ముందు, ఎవరు చెప్పగలరు, ఎవరూ చెప్పలేరు. అతను చెప్పగలడు. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. ముందుగది దక్కేది. పక్కిల్లు పోయేది.

అప్పుడే అక్క కేక. లాడ్జీ నుంచి పరిగెత్తుకొచ్చింది, చేతిలో ఇంకా ఎవరిదో తెల్ల దిండుగలీబు ఉంది, పారెయ్యాలని కూడా తోచలేదు పాపం. అన్ని హెల్మెట్లలో, అన్ని ఒకే రకం కోట్లలో, వెనక నుంచి చూసి తనని ఎలా పోల్చుకుందో. "ఒరేయ్ తమ్ముడూ, అటు కాదురా. మనిల్లు ఇటురా." తిట్టలేదు. అదే. పొగలో పొరపాటు పడ్డాననుకుంది. చీకట్లో మెట్టు తప్పినవాడికి చెప్పినట్టు, బడిదారి మర్చిపోయిన పిల్లాడికి చెప్పినట్టు, ఎంతో ఓపిగ్గా, గొంతు చించుకుని, మనిల్లు ఇటురా అంది. అతను ఒకసారి తల తిప్పాడు. చూసింది. చూసిందని అతనికి తెలుసు. మళ్ళీ గోడవైపు తిరిగాడు. వెనక బక్కోడి చేతుల్లో గొట్టం ఒకసారి వణికింది, వాడికి అక్క తెలుసు, వాళ్ళింట్లో తిన్నాడు. ఆ తరవాత అక్క కేక వినపడలేదు. ఎవరో పట్టుకుని అంబులెన్సు దగ్గరికి తీసుకుపోయారట, మీ ఆయన ఇక్కడున్నాడమ్మా అని.

వీధిలో జనం పలచబడ్డారు. స్నానాల నుంచి వచ్చిన కార్లవాళ్ళు తువ్వాళ్ళు భుజాన వేసుకుని, కాలిన ఇంటి ముందు ఒక్క క్షణం నిలబడి పోతున్నారు. వాళ్ళలో ఒకతను దగ్గరికొచ్చి, "సర్, ఈ బారికేడు కొంచెం జరుపుతారా, ఫొటోలో అడ్డొస్తోంది" అన్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. చుట్టలు పోయాయి, ఫోన్లొచ్చాయి, అడిగేవాడు మాత్రం అలాగే ఉన్నాడు. అతను ఆ మనిషి మొహంలోకి చూశాడు. కోపం రావాల్సింది, రాలేదు, కోపానికి కూడా కొంచెం సత్తువ కావాలి. "జరపకూడదండీ" అన్నాడు. ఆయన పర్లేదు పర్లేదు అంటూ వెళ్ళిపోయాడు.

వెనక తలుపు చప్పుడయింది. పక్కింటి పెద్దావిడ. ఆవిడ మెట్లే ఇవి, ఆవిడ గోడే అది, బొబ్బలెక్కి, మసిబారి, తడిసి, నిలబడి ఉంది. ఆవిడకీ అక్కకీ మాటల్లేవు. ఆవిడ చూరు నీళ్ళు అక్క దండెం మీద పడతాయి, ఉతికిన దుప్పట్లు తుప్పు మరకలవుతాయి, గొడవ అక్కడ మొదలైంది, తరవాత చూరు సంగతి అందరూ మరిచిపోయినా గొడవ మాత్రం జరుగుతూనే ఉంది. ఆవిడ టీ గ్లాసు అతని పక్కన పెట్టి, వెనక్కి పోకుండా నిలబడింది.

"తాగు నాయనా. వెనకాల ఇంకొకతనున్నాడుగా, అతనికీ ఇచ్చొచ్చాను."

"ఎందుకండీ శ్రమ."

"శ్రమేముంది. పొయ్యి నా ఇంట్లోనే ఉంది, ఇల్లు ఉంది కాబట్టి." ఆవిడ కాలిన ఇంటి వైపు చూడకుండా మాట్లాడుతోంది. "నువ్వు ఆవిడ తమ్ముడివి కదూ. నేనెరుగుదును, వచ్చినప్పుడల్లా చూసేదాన్ని. నాకు సిగ్గుగా ఉంది నాయనా. నీకు దణ్ణం పెడదామంటే సిగ్గుగా ఉంది, పెట్టకుండా ఊరుకుందామన్నా సిగ్గుగా ఉంది."

అతను గ్లాసు అందుకున్నాడు. టీ వేడిగా ఉంది, మసి గొంతులో అడ్డుపడుతోంది. మీకోసం చెయ్యలేదండీ, గాలి ఇటుంది, అంతే అనబోయి మానుకున్నాడు.

"మీ అక్క నాతో మాట్లాడదు. మాట్లాడకపోనీ. నా ముందుగది ఖాళీగానే ఉంది, అల్లుడూ కూతురూ పైన ఉంటారు. ఆ మాట నేను చెప్తే వినదు. నువ్వు చెప్పు." చెప్పేసి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. పూర్తిగా వెయ్యలేదు.

చెప్పడం. అందరూ చెప్పమనేవాళ్ళే. బండి వెళ్ళేముందు ఆఫీసరు కూడా దగ్గరికొచ్చింది, హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని, చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయి. ఎవరో చెప్పారు ఆవిడకి. బక్కోడే అయ్యుంటాడు.

"మీ అక్కగారి ఇల్లని నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేవారు మేడమ్?"

ఆవిడ ఆలోచించింది. అబద్ధం ఆడకుండా ఉండటానికి ఆలోచిస్తోందని తెలిసింది. "ఆర్డర్ మార్చేదాన్ని కాదు. మిమ్మల్ని నాజిల్ దగ్గర నుంచి తప్పించేదాన్ని."

"ఇంకెవరు పట్టుకున్నా ఆ గోడేగా మేడమ్."

"అదే. ఇంకెవరైనా పట్టుకునేవాళ్ళు" అంది. హెల్మెట్ మళ్ళీ పెట్టుకుంటూ, "ఆవిడ వచ్చి అడిగితే, మనం వచ్చేసరికే అయిపోయిందని చెప్పండి. అది మంచిది. అందరికీ" అంది.

మేం వచ్చేసరికే అయిపోయిందమ్మా. ఆ వాక్యం అతనికి కొత్త కాదు. ఆఫీసర్లు మారుతుంటారు, వాక్యం మారదు. కాలిన ఇళ్ళ ముందు నిలబడిన ఎంతమందికి చెప్పాడో. ఎక్కువసార్లు అది నిజం. కొన్నిసార్లు కాదు, కొన్నిసార్లు తనకే తెలియదు. పాత మార్కెట్టు వెనక ఒక ముసలాయన, గడియారాలు బాగుచేసేవాడు, ఆ మాట వినగానే అతని రెండు చేతులూ పట్టుకుని, అయితే మీరేం చేస్తారు నాయనా, మీ తప్పేముంది అన్నాడు. ఎంత తేలికపడ్డాడో ఆయన. పోయింది పోయిందనుకుంటే మనిషి ఏడ్చి లేస్తాడు. ఉండేదే, వదిలేశారు అని తెలిస్తే లేవడు, అక్కడే కూర్చుని లెక్కలు వేసుకుంటాడు. అంచేత ఆ వాక్యం అబద్ధం కాదు, మందు. నొప్పి తగ్గడానికి ఇస్తారు. అక్కకీ అదే ఇవ్వాలి. అక్కా, మేం వచ్చేసరికే అయిపోయింది. అక్కా అని కలిపితే చాలు. మిగతాదంతా నోటికొచ్చినదే. అతను గొణిగి చూసుకున్నాడు. అమ్మా అన్న చోట అక్కా పెడితే ఆ వాక్యం నోట్లో సరిగ్గా కూర్చోవడం లేదు, ఇంకెవరి చెప్పులోనో కాలు పెట్టినట్టుంది. నిద్ర వస్తోంది. ఇప్పుడు నిద్రేమిటి. కళ్ళు మూస్తే గోడ, తెరిస్తే బూడిద. ఇంత అలసట ఎక్కడిది, గొట్టం పట్టడం వల్ల వచ్చింది కాదు, గొట్టం రోజూ పట్టేదే. తల తిప్పడం వల్ల వచ్చింది. ఒక్కసారి తల తిప్పి, మళ్ళీ ఇటు తిప్పుకోవడం. అంత బరువైన పని ఎప్పుడూ చెయ్యలేదు.

అక్క నడుచుకుంటూ వచ్చింది. ఆటో ఎక్కలేదు కాబోలు, చెప్పులకి ఇసక, కొంగు నడుం చుట్టూ బిగించి దోపుకుని ఉంది, పని మీద వచ్చినదానిలా. అతను లేచి నిలబడ్డాడు. ఆమె అతన్ని చూసింది, ఆగలేదు, బారికేడు దాకా వెళ్ళి నిలబడింది. పైనుంచి కిందికి చూసింది. పైగది లేదు, ఆకాశం ఉంది. మెట్ల ఇనపకమ్మీ వంకర తిరిగి నిలబడి ఉంది. ముందుగదిలో బీరువా నల్లగా, తలుపు తెరుచుకుని, పక్కకి ఒరిగి ఉంది. బావ మంచం స్ప్రింగులు. ఆమె ఏడుస్తుందని ఎదురుచూశాడు. ఏడవలేదు. ముక్కు చీదింది, పొగకి.

"లోపలికెళ్ళొచ్చా?"

"ఇవాళొద్దక్కా. దూలాలు పడతాయి."

"నా ఇంట్లోకి పోవడానికి నీ పర్మిషన్ కావాలన్నమాట" అంది. కోపంగా అనలేదు. వచ్చి మెట్ల మీద, అతను కూర్చున్న చోటుకి పక్కన కూలబడింది. అవి ఎవరి మెట్లో చూసుకున్నట్టు లేదు, చూసుకునీ ఊరుకుందేమో. అతను కూడా కూర్చున్నాడు. ఆమె దగ్గర ఆస్పత్రి వాసన, దానికింద ఎప్పుడూ ఉండే గంజి వాసన. లోపల రేకు టక్కుమంది.

"ఒరేయ్."

"ఊఁ."

"నువ్వొచ్చేటప్పటికి ఏమన్నా మిగిలుందా?"

వచ్చింది. మేం వచ్చేసరికే. నాలుక చివర ఉంది ఆ వాక్యం, నున్నగా అరిగిపోయి, అనేస్తే చాలు. ఆమె అతని మొహంలోకి చూడటం లేదు, ఇంటివైపే చూస్తోంది, అనేసినా పట్టుకోలేదు. బహుశా పట్టుకోవడం ఇష్టం లేకనే అటు చూస్తోంది. దారి ఇచ్చింది. తీసుకోవచ్చు. చిన్నప్పుడు జ్వరం ఉందా అని నుదుటి మీద చెయ్యి పెట్టి అడిగేది, లేదనేవాడు, ఆ చెయ్యి తీసేది కాదు.

"ముందుగది ఉంది" అన్నాడు.

ఆమె కదలలేదు.

"పైగదీ వంటిల్లూ అప్పటికే పోయాయక్కా. ముందుగది ఉంది. నీళ్ళు అటు తిప్పితే దక్కేదే అనుకుంటాను. అప్పుడు ఈ ఇల్లు అంటుకునేది. గాలి ఇటుంది. దీని తరవాత అది, అది అయ్యాక ఇంకోటి. మా దగ్గర ఒకటే గొట్టం ఉంది."

ఆమె తల తిప్పి వీధి పొడుగునా చూసింది. వరసగా మేడలు, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టు. ఎవరో పిల్ల పైకిటికీలోంచి తల దువ్వుకుంటోంది. ఒకింట్లో కుక్కర్ కూస్తోంది. ఎక్కడో టీవీలో వార్తలు. ఆమె ఒక్కో ఇల్లూ చూస్తోంది, చివరిదాకా చూసి మళ్ళీ వెనక్కొచ్చింది.

"చెప్పకుండా ఉంటే బాగుండేది" అంది.

"ఊఁ."

"బీరువాలో కొత్త దుప్పట్లు కూడా ఉన్నాయి, లాడ్జీవాళ్ళవి. రేపు వాళ్ళకేం చెప్పాలో." కొంగుతో మెడ తుడుచుకుంది. "అడిగింది నేనే కదా. అడిగితే చెప్పావు. ఇంకెవరన్నా అయితే ఏం చెప్పేవాడివి?"

"మేం వచ్చేసరికే అయిపోయిందమ్మా అనేవాణ్ణి."

ఆమె ఆ మాటని కాసేపు నోట్లో పెట్టుకుని చూసినట్టు ఊరుకుంది. "బాగానే ఉంది మాట" అంది. "నాకు పనికిరాదు."

క్షమించిందా. అడగాలనుంది, అడగడానికి మాటలు లేవు, ఉన్నా అవి ఇద్దరి మధ్యా ఎప్పుడూ వాడినవి కావు. పక్కింటి తలుపు సందులోంచి లైటు పడింది, లోపల ఎవరో గిన్నెలు సర్దుతున్నారు. అతను అటు తల ఊపి, మెల్లగా, "ఆవిడ ముందుగది ఖాళీగా ఉందట. నిన్ను ఉండమంటోంది. నేను చెప్తే వింటావని నాకు చెప్పింది" అన్నాడు.

"నీ మాట నేనెప్పుడు విన్నాను."

"అదీ నిజమే."

"ఉంటాలే. ఇక ఆవిడ చూరు నీళ్ళు ఎక్కడ పడితే నాకేం" అంది. కాసేపటికి, వేరే ఎవరి సంగతో చెప్తున్నట్టు, "మీ బావ అడిగాడు" అంది. "ఆ గొట్టాలన్నీ మొహానికి పెట్టుకుని, మాట రావట్లేదు, అయినా అడిగాడు. ఎవరొచ్చారే ఆర్పడానికి అని. నీ బావమరిదే అన్నాను. అయితే సరే అని కళ్ళు మూసుకున్నాడు."

"నేను గోడ మీద పోశానని చెప్పావా?"

"అన్నీ చెప్పాను. అయితే సరే అన్నది ఆ తరవాతే."

అతను ముందుకి వంగి, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, కిందికి చూస్తూ ఉండిపోయాడు. బూడిద కలిసిన నీళ్ళు సన్నని కాలవగా వీధి వాలు పట్టుకుని పోతున్నాయి, ఎవరి వాకిట్లోనూ ఆగకుండా. అయితే సరే. ఏది సరే. బావకి పూర్తిగా తెలివి ఉందా అప్పుడు. గ్రీజు చేతులు కడిగారా వాళ్ళు. రేపు వెళ్ళాలి, వెళ్ళి మంచం పక్కన నిలబడాలి, ఆయన జోకేస్తే నవ్వాలి. కళ్ళు మండుతున్నాయి, పొగకే, పొగ ఇప్పుడు లేకపోయినా. పక్కన అక్క ఊపిరి నెమ్మదించింది. మొదట గమనించలేదు. ఆమె తల అతని భుజం మీదికి ఒరుగుతూ వచ్చి, మసి పట్టిన కోటు మీద ఆగింది. కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది, నోరు కొంచెం తెరిచి. ఇంత బరువుంటుందా అక్క తల.

వీధి మొదట్లో బండి మలుపు తిరిగింది. రిలీఫ్, కాపలా మార్చుకోడానికి వచ్చే జట్టు. ఈసారి కార్లు అడ్డం లేవు, నేరుగా వస్తోంది. వెనక నుంచి బక్కోడు ఇసక దులుపుకుంటూ వచ్చి, ఇద్దరినీ చూసి, అడుగు చప్పుడు కాకుండా ఆగిపోయాడు. అతను కదలకుండా, కుడిచేతి వేళ్ళతో మాత్రం సైగ చేశాడు, అక్కడే ఆపమను, ఇంజను కట్టెయ్యమను అని. బక్కోడు తన బరువంతా మునివేళ్ళ మీద వేసుకుని వీధిలో పరిగెత్తాడు. ఇంజను ఆగింది. కొత్తగా వచ్చినవాళ్ళలో ఒకతను నడిచివచ్చి, అతని కాళ్ళ దగ్గర గొట్టం తీసుకుని, ఇక మీరు లేవచ్చన్నట్టు తల ఊపాడు. డ్యూటీ అయిపోయింది. అతను లేవలేదు.